బెంగళూరులో పరస్పర అంగీకార విడాకులు: ప్యాకేజీల్లో ఏముంది, మీడియేషన్ ఏమిస్తుంది

ఫోన్‌లో "మ్యూచువల్ డివోర్స్ బెంగళూరు" అని ఒక్కసారి వెతికితే చాలు, ఆ తర్వాత ఎక్కడ చూసినా ప్యాకేజీల ప్రకటనలే. అన్నీ కలిపి ఒకే ఫీజు, తెలుగు మాట్లాడే లాయరు, రెండుసార్లు కోర్టుకొస్తే పనైపోతుంది అంటారు. గొడవల్లేకుండా విడిపోదామనుకున్న జంటకు ఇంతకన్నా ఏం కావాలి అనిపిస్తుంది. ఆ ప్యాకేజీల్లో నిజంగా ఏముంటుంది, ఏముండదు, అదే పనికి ఫ్యామిలీ కోర్టూ, మీడియేషన్ (మధ్యవర్తిత్వ) సెంటరూ ఏమిస్తాయి అన్నది ఇక్కడ చూద్దాం. మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. పిటిషన్ ఎవరు రాసినా పెద్ద తేడా ఉండదు. తేడా అంతా ఒప్పంద పత్రంలోనే. డబ్బూ ఓపికా అక్కడ ఖర్చు పెట్టాలి, చాలా ప్యాకేజీలు చేతులెత్తేసేది కూడా సరిగ్గా అక్కడే.

ముందు ప్రకటనల సంగతి. "15 రోజుల్లో విడాకులు" అన్న మాట కనిపిస్తే ఆ పేజీ మూసేయండి. హిందూ వివాహ చట్టంలో పరస్పర అంగీకార విడాకులకు దారి 13బి సెక్షన్, 1976లో చేర్చారు. దాని ప్రకారం పిటిషన్ వేసేనాటికి ఇద్దరూ కనీసం ఏడాదిగా విడిగా ఉండాలి. వేశాక ఆరు నెలలు ఆగి, 18 నెలలు దాటకుండా ఇద్దరూ మళ్లీ వచ్చి మా మాట మీదే ఉన్నాం అని చెప్పాలి. డిక్రీ, అంటే కోర్టు తుది ఉత్తర్వు, వచ్చేలోగా ఎవరైనా మనసు మార్చుకోవచ్చు. ఆ ఆరు నెలలు మాఫీ చేసే అధికారం కోర్టుకు ఉందని 2017లో అమర్‌దీప్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ప్యాకేజీవాళ్లు చూపించే ఆశ ఇదే. కానీ దానికి షరతులున్నాయి. పిటిషన్ వేసేనాటికే ఏడాది మీద ఇంకో ఆరు నెలలు, అంటే ఏడాదిన్నర విడిగా ఉండి ఉండాలి. రాజీ ప్రయత్నాలు విఫలమై ఉండాలి. భరణం, పిల్లల కస్టడీ లాంటివన్నీ నిజంగా తేలిపోయి ఉండాలి. విడిపోయి సరిగ్గా ఏడాదే అయినవాళ్ల దగ్గర మాఫీ దరఖాస్తుకని అదనపు ఫీజు తీసుకోవడం అన్యాయం. మీ తేదీలు లెక్క చూసుకుని, అర్హత ఉంటేనే ఆ డబ్బు ఇవ్వండి.

ఇక స్టాంపు పేపరు మీద ఇద్దరూ సంతకాలు పెట్టి నోటరీ చేయించి "విడాకుల పత్రం" చేతికిచ్చే బాపతు ఒకటుంది. 13బి కిందకొచ్చే పెళ్లిని రద్దు చేసే శక్తి ఆ కాగితానికి లేదు. దాన్ని నమ్ముకుని మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆ రెండో పెళ్లి చెల్లదు, పైగా నేరం.

"విడిగా ఉండటం" దగ్గర మనవాళ్లు అనవసరంగా కంగారు పడతారు. సర్జాపూర్ రోడ్డులో ఇద్దరి పేరుమీదా ఫ్లాటు ఉంటుంది, ఈఎంఐ ఇద్దరూ కడుతుంటారు, వేరే అద్దె పెట్టే స్తోమత ఉండదు. ఒకే కప్పు కింద ఉన్నా భార్యాభర్తలుగా బతకకపోతే అదీ విడిగా ఉండటమేనని 1991లోనే సురేష్టాదేవి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి ఆ మాటే పిటిషన్‌లో దాచకుండా రాయించండి. దొంగ అద్దె ఒప్పందం పుట్టించే లాయరైతే అక్కణ్ణుంచి లేచి వచ్చేయండి. ఇంకో జాగ్రత్త: విడిపోయిన తేదీకీ మిగతా కాగితాలకీ పొంతన ఉండాలి. విడిగా ఉంటున్నామని రాసిన కాలంలోనే ఇద్దరూ కలిసి డిపెండెంట్ వీసాకు దరఖాస్తు చేసి ఉంటే, జడ్జి ముందు సాక్ష్యం చెప్పే రోజున ఆ ప్రశ్నకు జవాబు ఉండదు.

తెలుగు క్రైస్తవ కుటుంబాలకు దారి వేరు. 1869 విడాకుల చట్టంలోని 10ఎ సెక్షన్‌లో విడిగా ఉండాల్సింది రెండేళ్లు అని ఉంటుంది. దాన్ని ఏడాదిగానే చదువుకోవాలని కర్ణాటక హైకోర్టు 2014లో చెప్పింది. రిజిస్టర్ మ్యారేజీ స్పెషల్ మ్యారేజ్ చట్టం కింద చేసుకుంటే 28వ సెక్షన్, ఏడాదే.

పెళ్లి అనంతపురంలో, కాపురం మారతహళ్లిలో. ఎక్కడ వేయాలి? పెళ్లి జరిగిన చోటైనా, చివరిగా కలిసి కాపురమున్న చోటైనా వేయొచ్చు. మా సలహా బెంగళూరే. ఉద్యోగాలు ఇక్కడే ఉంటే ప్రతి వాయిదాకీ రాత్రి బస్సెక్కక్కర్లేదు, ఊళ్లో కోర్టు వరండాలో తెలిసినవాళ్ల కంట పడే బాధా ఉండదు. అడిగితే విచారణ మూసిన గదిలో జరిపే వీలు ఫ్యామిలీ కోర్టుల చట్టంలోనే ఉంది. ఇక్కడ వేయాలంటే ఇక్కడి కాపురానికి రుజువు కావాలి: ఇద్దరి పేర్లున్న అద్దె ఒప్పందం, గ్యాస్ కనెక్షన్, ఇక్కడి చిరునామాతో ఉన్న ఆధార్, పాస్‌పోర్టుల్లో ఏదో ఒకటి. పెళ్లికి రుజువుగా రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, శుభలేఖ, పెళ్లి ఫొటో. శుభలేఖ తెలుగులోనే ఉంటే ఇంగ్లిష్ అనువాదం ముందే జత చేయించండి. లేకపోతే కోర్టు ఆఫీసులో కాగితాలు సరిచూసే స్క్రూటినీలో అభ్యంతరం రాసి ఫైలు వెనక్కి పంపుతారు, దానికో వాయిదా పోతుంది.

స్క్రూటినీలో తెలుగువాళ్ల ఫైళ్లు ఎక్కువగా తట్టుకునేది పేర్ల దగ్గర. పాస్‌పోర్టులో ఇంటిపేరు విడిగా పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఇనిషియల్ ఉంటుంది, శుభలేఖలో "చి.ల.సౌ." తర్వాత ముద్దుపేరు ఉంటుంది, పెళ్లి సర్టిఫికెట్‌లో ఇంకోలా ఉంటుంది. పిటిషన్ మొదటి పేజీలోనే "ఈ పేర్లన్నీ ఒకే వ్యక్తివి" అని అన్ని రూపాలూ రాయించండి. ఆ ఒక్క వాక్యం డిక్రీ దాకా వెళ్తుంది. రేపు పాస్‌పోర్టు ఆఫీసులోనో, వీసా కౌంటర్‌లోనో ఆదుకునేది అదే.

ఇప్పుడు మీడియేషన్ సెంటర్. హెచ్. సిద్దయ్య రోడ్డులో న్యాయదేగుల భవనంలో 2007 నుంచి నడుస్తోంది. కోర్టు పంపిన కేసుకు మీడియేటర్ ఫీజు పార్టీలు కట్టక్కర్లేదు. శిక్షణ పొందిన లాయర్లే మీడియేటర్లు. ఇద్దరినీ కూర్చోబెట్టి ఒకసారి, విడివిడిగా ఒకసారి మాట్లాడతారు. అక్కడ అన్న మాట కోర్టులో సాక్ష్యంగా వాడటానికి వీల్లేదు. తేలిన విషయాన్ని 2005 నాటి కర్ణాటక మీడియేషన్ నిబంధనల కింద ఒప్పందంగా రాసి, ఇద్దరి సంతకాలతో కోర్టుకు పంపుతారు. కోర్టు దాన్ని డిక్రీలో భాగం చేస్తుంది. పరస్పర అంగీకార కేసుల్లో దీన్ని వట్టి తంతుగా చూసేవాళ్లు చాలామంది. "అన్నీ మాట్లాడేసుకున్నాం సార్, సంతకం పెట్టేస్తాం" అని పది నిమిషాల్లో లేచి వచ్చేస్తారు. ఈ మొత్తం వ్యవహారంలో పైసా ఖర్చు లేకుండా, ఇద్దరికీ సమానంగా ఒక అనుభవజ్ఞుడు దొరికే చోటు అదొక్కటే. దాన్ని పూర్తిగా వాడుకోండి. సంకోచం లేకుండా ఎక్కువ మార్కులు వేసేది దీనికే.

దానికీ పరిమితులున్నాయి. మీరు తీసుకెళ్లిన విషయాలే మీడియేటర్ రాస్తారు. హోమ్ లోన్, పన్ను, ఇన్సూరెన్స్ లాంటివి మీరు ఎత్తకపోతే అవి ఒప్పందంలోకి రావు. పత్రం ఇంగ్లిష్‌లో ఉంటుంది. ఇంగ్లిష్ కాగితం చదవడం ఇబ్బందైతే ప్రతి పేరా తెలుగులో అర్థం చెప్పమని అడగండి, తెలుగు వచ్చిన మీడియేటర్ కావాలని కూడా అడగొచ్చు. డ్రాఫ్టు చూసిన రోజే సంతకం పెట్టకండి. ఇంటికి తెచ్చుకుని చదివి, ఇంకో తేదీ అడగండి.

ఒప్పందంలో ఏమేం ఉండాలి? ఇక్కడ కాస్త నిదానంగా చెప్పాలి.

బంగారం. "ఆభరణాలన్నీ తిరిగి ఇచ్చేశారు" అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టే డ్రాఫ్టులే ఎక్కువ. తర్వాత తగువు మొదలయ్యేదీ అక్కడే. "కాసులపేరు ఒకటి, 80 గ్రాములు. వడ్డాణం ఒకటి, 200 గ్రాములు. రాళ్ల నెక్లెసు ఒకటి, రాళ్లతో కలిపి 45 గ్రాములు. ఫలానా బ్యాంకు లాకర్ నుంచి ఫలానా తేదీన ఇద్దరి ఎదుట తీసి ఇవ్వడమైంది" అని వస్తువు వారీగా, బరువుతో, తేదీతో ఉండాలి. రాళ్ల బరువు కలిపిందీ లేనిదీ కూడా రాయాలి, ఎందుకంటే షాపువాడి తూకానికీ పెళ్లినాటి బిల్లుకీ తేడా వచ్చేది అందులోనే. పెళ్లిలో అత్తవారు పెట్టిన నగలు కూడా ఆమెకు కానుకగా ఇచ్చినవైతే స్త్రీధనమే. మంగళసూత్రంలో ఒక పుస్తె పుట్టింటిది, ఒకటి అత్తింటిది. అవి ఎవరి దగ్గర ఉంటాయో అడగడానికి అందరూ మొహమాటపడతారు. అడిగి రాయించండి, లేదంటే పెద్దవాళ్లు ఏళ్ల తరబడి తవ్వుకునేది ఆ రెండు పుస్తెలే. లాకర్ ఉమ్మడిదైతే దాన్ని సరెండర్ చేసిన రసీదు ఒప్పందానికి జత చేయాలి.

డబ్బు. ఒకేసారి ఇచ్చే భరణానికీ నెలనెలా ఇచ్చేదానికీ పన్నులో తేడా ఉంది. ఏకమొత్తాన్ని సాధారణంగా ఆదాయంగా చూడరు. నెలవారీది తీసుకునేవాళ్ల ఆదాయంలో కలుస్తుంది, ఇచ్చేవాళ్లకు మినహాయింపూ రాదు. ఏకమొత్తాన్ని విడతలుగా పెట్టడం మంచిది: పిటిషన్ వేసినప్పుడు కొంత, సాక్ష్యం రోజున మిగతాది. మొత్తం ముందే ఇచ్చేస్తే, అవతలివాళ్లు అంగీకారం వెనక్కి తీసుకున్నప్పుడు వసూలుకు ఇంకో కేసు వేయాలి. మొత్తం చివరికి పెడితే రెండోవైపువాళ్లకు నమ్మకం ఉండదు. డిమాండ్ డ్రాఫ్టు చెల్లుబాటు మూడు నెలలే. పిటిషన్ రోజునే డీడీ తీసి లాయరు దగ్గర ఉంచుకుంటే ఆరు నెలల తర్వాత చివరి వాయిదాలో అది చెల్లని కాగితం, ఆ రోజు పని ఆగిపోతుంది. చివరి తేదీ ఖాయమయ్యాక, వారం ముందు తీయండి. డీడీ నంబరు, బ్యాంకు, తేదీ, మొత్తం ఆర్డర్ షీటులో రాయించండి. కేసు ఏ కారణంగానైనా ఆగిపోతే ముందు ఇచ్చిన విడత ఎన్ని రోజుల్లో తిరిగివ్వాలో కూడా ఒప్పందంలో ఉండాలి. ప్యాకేజీ డ్రాఫ్టుల్లో వెతికినా దొరకని షరతు ఇది.

ఫ్లాటు. ఉమ్మడి హోమ్ లోన్ ఉంటే, "ఇకపై ఈఎంఐ ఆయనే కడతాడు" అని ఒప్పందంలో రాసుకున్నంత మాత్రాన బ్యాంకుకు పట్టదు. బ్యాంకు ఆ ఒప్పందంలో పార్టీ కాదు. ఆయన ఈఎంఐ ఎగ్గొడితే ఆమె సిబిల్ స్కోరు కూడా పడుతుంది. కాబట్టి ముందు బ్యాంకుకెళ్లి, ఒక్కరి జీతం మీద లోన్ నిలుస్తుందో లేదో రాతపూర్వకంగా తేల్చుకోండి. నిలవకపోతే అమ్మేసి పంచుకోవడమే మార్గం, అదే ఒప్పందంలో రాసుకోవాలి. ఒకరి వాటా ఇంకొకరికి రాసివ్వాలంటే ఇంకా భార్యాభర్తలుగా ఉన్నప్పుడే రిజిస్టర్ చేయించుకోవడం లాభం. కుటుంబ సభ్యుల మధ్య గిఫ్ట్ డీడుకు కర్ణాటకలో స్టాంపు సుంకం రాయితీ ఉంది, డిక్రీ వచ్చాక ఆ బంధుత్వం పోతుంది. మరీ ముందు చేస్తే మనసు మారే ప్రమాదం ఉంది కనుక, చివరి వాయిదాకు కొద్ది రోజుల ముందు పెట్టుకోవడం తెలివైన పని. బ్యాంకు నుంచి ఎన్‌ఓసీ, ఇ-ఖాతా (ఆస్తికి నగర పాలక సంస్థ ఇచ్చే ఆన్‌లైన్ రికార్డు) రెండూ ఆలోపు చేతిలో ఉండాలి. ఇ-ఖాతా లేకుండా బెంగళూరులో రిజిస్ట్రేషన్ కదలదు. డీడు లేకుండా డిక్రీ ద్వారానే వాటా మార్చుకుందామనుకుంటే ఆ ఫ్లాటు వివరాలు పిటిషన్ షెడ్యూల్‌లోనే ఉండాలి. పిటిషన్‌లో లేని ఆస్తిని రాజీ ఒప్పందంలో మాత్రమే రాస్తే, ఆ డిక్రీని మళ్లీ రిజిస్టర్ చేయించాల్సి వస్తుంది.

పిల్లలు. "తండ్రికి సెలవుల్లో చూసే హక్కు ఉంటుంది" అని రాసి వదిలేస్తారు. ఏ సెలవులు? ఆంధ్రలో స్కూళ్లకు సంక్రాంతి వారం పైన ఉంటుంది, బెంగళూరు స్కూల్లో అది ఒక్కరోజు పండగ. "సంక్రాంతి సెలవులు తాతయ్య ఊళ్లో" అని రాసుకున్న షరతు ఇక్కడ అమలు కాదు. ఇక్కడ దొరికేవి దసరా సెలవులు, వేసవి సెలవులు. స్కూలు క్యాలెండర్ దగ్గర పెట్టుకుని, ఏ శనివారం ఎన్ని గంటలకు ఎక్కణ్ణుంచి తీసుకెళ్లాలి, ఆదివారం ఎన్ని గంటలకు దింపాలి, దసరాలో ఏ సగం ఎవరిది, వీడియో కాల్ ఏ రోజు అన్నంత వివరంగా రాయండి. ఇంత చాదస్తం అవసరమా అనిపిస్తుంది. ఇద్దరిలో ఒకరికి రేపు ఇంకో పెళ్లయినప్పుడు, ఉద్యోగం హైదరాబాద్‌కు మారినప్పుడు ఆ చాదస్తమే పిల్లాడిని కాపాడుతుంది. మైనర్ పాస్‌పోర్టుకు రెండోవారి సంతకం ఎన్ని రోజుల్లో ఇవ్వాలో, స్కూలు ఫీజు పెరిగితే ఎవరు ఎంత భరించాలో కూడా ఉండాలి. "పిల్లల ఖర్చు ఇక ఎప్పటికీ అడగను" అని తల్లి రాసిచ్చే షరతు మాత్రం పెట్టకండి. ఆ హక్కు పిల్లలది, వాళ్ల అవసరం మారితే కోర్టు మళ్లీ చూడగలదు.

ఇప్పుడు ప్యాకేజీల దగ్గరికి వద్దాం. సాధారణంగా ఫీజులో వచ్చేది పిటిషన్ డ్రాఫ్టు, ఫైలింగ్, రెండు హాజరులు. విడిగా అడిగేవి మీడియేషన్‌కు లాయరు రావడం, ఆరు నెలల మాఫీ దరఖాస్తు, అదనపు వాయిదాలు, డిక్రీ కాపీ, ఆస్తి డీడు. పోలీసు కేసు ఏదైనా ఉంటే దాన్ని హైకోర్టులో కొట్టేయించడం మరో ఫీజు. కర్ణాటకలో 498ఎ (భార్యను భర్త, అత్తింటివాళ్లు వేధించారన్న, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షన్) కేసు ఇద్దరూ రాజీపడ్డారని కింది కోర్టులో ముగియదు, హైకోర్టుకు వెళ్లాల్సిందే. అలాంటి కేసు ఉన్నవాళ్లకు "అన్నీ కలిపి" అన్న మాట అసలు వర్తించదు. ఇంకా పెద్ద లోపం, చాలాచోట్ల ఒకే ఆఫీసు ఇద్దరి వకాలత్‌లూ తీసుకుంటుంది. పిటిషన్ వరకు ఫరవాలేదు. ఒప్పందం దగ్గర ఆయన ఎవరి వైపు? భరణం, ఫ్లాటు, పిల్లలు ఏమున్నా, ఆదాయం తక్కువున్నవాళ్లు కనీసం ఆ పత్రం మట్టుకైనా వేరే లాయరుకు చూపించి చదివించుకోవాలి. స్త్రీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం చట్టప్రకారం ఉంది. హెల్ప్‌లైన్ 15100. రాష్ట్ర న్యాయ సేవల ప్రాధికార కార్యాలయం కూడా న్యాయదేగులలోనే.

అయితే ప్యాకేజీ ఎవరికి సరిపోతుంది? పిల్లల్లేరు, ఉమ్మడి ఆస్తి లేదు, బంగారం ఎవరిది వాళ్లకు చేరిపోయింది, ఇద్దరూ సంపాదిస్తున్నారు. అలాంటి జంటకు ధారాళంగా సరిపోతుంది. ఫీజును మూడు ముక్కలు చేయమనండి: పిటిషన్‌కు నంబరు పడ్డాక ఒకటి, సాక్ష్యం రోజున ఒకటి, డిక్రీ చేతికొచ్చాక ఒకటి. నంబరు పడగానే 16 అక్షరాల సీఎన్ఆర్ (కేసు గుర్తింపు సంఖ్య) తీసుకుని ఈ-కోర్ట్స్ యాప్‌లో పెట్టుకుంటే వాయిదా తేదీ కోసం ఎవరికీ ఫోన్ చేయక్కర్లేదు. సీఎన్ఆర్ ఇవ్వకుండా నాన్చుతున్నారంటే ఫైలు ఇంకా కోర్టు మెట్లెక్కలేదని అర్థం.

ఒకరు అమెరికాలో ఉంటే నమ్మకమైన బంధువు పేర పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వొచ్చు. అది ఇండియన్ కాన్సులేట్‌లోనో, అక్కడి నోటరీ, అక్కడి ప్రభుత్వ ధ్రువీకరణైన అపోస్టిల్‌తోనో చేయించాలి. ఇక్కడికి చేరాక మూడు నెలల్లోపు స్టాంపు సుంకం కట్టించాలి, ఇది మర్చిపోయి ఇరుక్కునేవాళ్లు ఎక్కువ. చివరి రోజున కోర్టు అనుమతితో వీడియోలో హాజరు కావచ్చు, దానికి ముందే దరఖాస్తు వేయాలి.

సాక్ష్యం రోజు పెద్ద భయపడాల్సిందేమీ లేదు. అఫిడవిట్ రూపంలో సాక్ష్యం ముందే రాసి ఉంటుంది, కాగితాలకు ఎగ్జిబిట్ నంబర్లు వేస్తారు. జడ్జి అడిగేవి నాలుగైదు ప్రశ్నలు: ఎప్పటి నుంచి విడిగా ఉన్నారు, ఎవరి బలవంతమైనా ఉందా, షరతులు తెలుసా, డబ్బు అందిందా. కన్నడ రాకపోతే ఇంగ్లిష్‌లో చెప్పొచ్చు. ఒరిజినల్ కాగితాలు, ఫొటో గుర్తింపు కార్డు మర్చిపోవద్దు.

డిక్రీ కాపీ ఒకటి ఇద్దరికీ ఉచితంగా ఇవ్వాలని హిందూ వివాహ చట్టం 23వ సెక్షన్‌లో ఉంది. అది కాక సర్టిఫైడ్ కాపీలు ఒకటికి నాలుగు తీసుకోండి, పాస్‌పోర్టుకూ బ్యాంకుకూ పీఎఫ్‌కూ విడివిడిగా అడుగుతారు. కౌంటర్ దగ్గరే పేర్లు, పెళ్లి తేదీ, ఎం.సి. నంబరు (వివాహ కేసు నంబరు) సరిచూడండి. తప్పుంటే సవరణ దరఖాస్తు వేయాలి, ఎంత ఆలస్యమైతే అంత ఇబ్బంది. అంగీకారంతో వచ్చిన డిక్రీ మీద అప్పీలు ఉండదు కాబట్టి ఆ గడువు కోసం ఎదురుచూడక్కర్లేదు.

ఆఖరుగా, కంపెనీ ఇచ్చే గ్రూప్ ఆరోగ్య బీమా. డిక్రీ తర్వాత మాజీ భార్యకో భర్తకో అందులో చోటుండదు. బీపీ, షుగర్, థైరాయిడ్ లాంటివి ఉన్నవాళ్లు కొత్త పాలసీ తీసుకుంటే ముందునుంచి ఉన్న జబ్బులకు 36 నెలల వరకు వెయిటింగ్ పీరియడ్ పెట్టొచ్చు. పిటిషన్ వేశాక ఆగే ఆ ఆరు నెలల గడువులోనే సొంత పాలసీ మొదలుపెట్టుకోండి. మొదటి రెండేళ్ల ప్రీమియం ఎవరు కట్టాలన్నది కూడా మీడియేషన్ బల్ల మీద పెట్టదగ్గ విషయమే.